నేను దిగితే మరిగే లారీ

ఏప్రిల్ 28, సోమవారం

నా పేరు సత్తెమ్మ. వయసు డెబ్బై మూడు. ఆధార్ కార్డులో అరవై ఎనిమిదని ఉంది. అది రాసుకున్నవాడి తప్పు, నాది కాదు. మాది మిర్యాలగూడ, రైసు మిల్లుల వెనక వీధి. ఇంట్లో నేను, కొడుకు మత్తయ్య, కోడలు అరుణ, లారీ. లారీని మనుషుల్లో రాయాలా అని అరుణ పెన్ను ఆపింది. రాయమన్నాను.

నాకు చదువు రాదు. నేను చెబుతుంటే అరుణ రాస్తోంది. ఇది ఎవరికీ చదివి వినిపించకూడదు, మత్తయ్యకు అసలే. రేపు లారీ ఓనర్ల సంఘంలో పెద్దమనుషుల ముందు నిలబడాల్సి వస్తే తారీఖులతో సహా నా దగ్గర ఉండాలి, అందుకే రాయిస్తున్నాను. అంతవరకు ఈ పుస్తకం బియ్యం డబ్బాలో ఉంటుంది.

సంగతి ఇది. పొద్దున మిల్లులో బియ్యం ఎత్తుకుని నేనూ డ్రైవరు గేమ్యా బయల్దేరాం. సోమవారం, గురువారం నేను కూడా పోతాను. ఓనరమ్మ బండిలో ఉంటే బస్తాకు చిల్లు పడదు. కోదాడలో నా చెల్లెలు రాజమ్మ ఇంటి దగ్గర దిగాను. ఎప్పటిలాగే అన్నీ చక్కగా చూసుకునే దిగాను. బండి సూర్యాపేట దారి పట్టింది. నేను పచ్చిపులుసుతో అన్నం తిని చెయ్యి కడుక్కునేలోపే ఫోను.

"అమ్మా, బండి మరిగింది. మునగాల గూడ దాటలే. పొగలు లేస్తున్నయ్."

"నీళ్ళు సూసినవా?"

"సూసినమ్మా. పొద్దున నిండుగ పోసిన."

సాయంత్రం మత్తయ్య చెప్పులు కూడా విప్పకుండా నా ముందు నిలబడ్డాడు. "ఇరవై ఎనిమిదేండ్ల బండి అమ్మా. ఇంకోసారి మరిగిందంటే తుక్కుకే. అడ్డం పడకు."

"దాని నొసటి మీద నా పేరున్నది."

"పేరును కోసి ఇమ్మంట. గోడకు పెట్టుకో."

ఆ మాట కూడా రాయమన్నాను. బండి కొన్న రోజు మా ఆయన పెయింటరును పిలిపించి, దేవుడి పేరు కాదు, ఊరి పేరు కాదు, నా పేరు రాయించాడు. ఎర్రటి మూడు అక్షరాలు. నేను గుర్తుపట్టగలిగే అక్షరాలు లోకంలో అవే. కాగితం మీద రాస్తే గుర్తుపట్టలేను. లారీ మీదయితే దూరం నుంచే చదువుతాను.

ఏప్రిల్ 29, మంగళవారం

చెయ్యి నొస్తోందట అరుణకు. సెల్‌ఫోను పట్టుకున్నప్పుడు లేని నొప్పి.

మే 1, గురువారం

ఏసీ ఎందుకు పెట్టించానో రాయకపోతే రేపు పెద్దమనుషులు అదే అడుగుతారు. పోయిన ఎండాకాలం హుజూర్‌నగర్ దాటాక నాకు కళ్ళు తిరిగాయి. పడిపోయానని మత్తయ్య ఊరంతా చెప్పాడు. పడిపోలేదు. కూర్చున్నచోటే ఒరిగాను, అది వేరు. ఇక ఎండల్లో బండి ఎక్కొద్దు అన్నాడు. అయితే బండికే ఏసీ పెట్టించు అన్నాను. సూర్యాపేటలో బండ్ల కరెంటు పని చేసే దామోదర్ విని నవ్వాడు. నేను లేచి నిలబడేసరికి నవ్వు ఆపాడు. పని మాత్రం మొన్న ఏప్రిల్ ఇరవై ఆరునే అయింది.

పాతకాలం బండి కాబట్టి ఇంజనుతో పాటు తిరిగే పెద్ద ఫ్యాను ఒకటుండేది. దాని రెక్క ఎప్పుడో విరిగింది. దామోదర్ దాన్ని పీకేసి, ముందు జాలీ వెనక రెండు కరెంటు ఫ్యాన్లు పెట్టాడు. పని అయ్యాక గేమ్యాను పిలిచి చాలాసేపు చెప్పాడు.

"సూడు గేమ్యా. ఏసీ వేస్తే ఈ రెండు ఫ్యాన్లు వాటంతటవే తిరుగుతయ్. ఏసీ బందు చేస్తే ఇవి గూడ ఆగుతయ్. ఇవి ఆగితే ఇంజను మరుగుతది. అందుకే ఎర్ర స్విచ్చి పెట్టిన. పొద్దుగాల వేస్తే మల్ల బండి ఇంటికొచ్చినంకనే బందు చేయాలె. సమజైందా?"

"అయిందన్నా."

ఇంజను సంగతులు నాకెందుకు, నేను ఆ పక్కన సీటు కవరు రంగు చూస్తున్నాను. నీలం ఇస్తానని పచ్చ వేశాడు. ఎర్ర స్విచ్చి మాత్రం నా వైపే పెట్టాడు, పాత టేప్‌రికార్డర్ తీసేసిన సందులో. లోపలికి ఉంటుంది. స్టీరింగు దగ్గర కూర్చున్నవాడికి కనబడదు. ఫ్యాను స్విచ్చి నా చేతికి అందేటట్టు పెట్టాడని ఆరోజు సంతోషించాను కూడా.

ఈరోజు బండిని దామోదర్‌కు చూపించాం. ఏసీ వేసి చూశాడు, ఫ్యాన్లు తిరిగాయి. ఎర్ర స్విచ్చి వేసి చూశాడు, తిరిగాయి.

"ఏం ఖరాబు లేదు పెద్దమ్మా. మరిగిననాడు స్విచ్చి ఎట్లున్నది గేమ్యా?"

"బందైయున్నదన్నా. కాని నేను పొద్దుగాలే వేసిన. ఒట్టు."

"దానంతటదే ఎట్ల బందైతది? మరిచినట్టున్నవ్."

గేమ్యా నా వైపు చూశాడు. నేనేమంటాను? యాభై అయిదు దాటింది మనిషికి. "మరిచిపోయుంటడు తియ్" అన్నాను, తప్పును చిన్నది చేద్దామని.

ఇది రాస్తుండగా వంటింట్లో ఫ్యాను చప్పుడు వినబడింది, అరుణ అలాగే వదిలేసి వచ్చింది. ఇద్దరం లేచిపోయి బందు చేసి వచ్చాం. ఈ ఇంట్లో మనిషి లేని గదిలో ఫ్యాను తిరగదు.

మే 4, ఆదివారం

చర్చిలో పన్నెండు ఫ్యాన్లు. ప్రార్థన అయిపోగానే అందరూ చెప్పుల కోసం తోసుకోవడమే తప్ప ఒక్కరికీ పట్టదు. నేనే బోర్డు దగ్గర నిలబడి అన్నీ బందు చేశాను. పాస్టరుగారు ఇంకా లోపలే కళ్ళు మూసుకుని ఉన్నారట. కనబడేచోట కూర్చోవాలి.

మే 5, సోమవారం

మళ్ళీ మరిగింది.

ఈసారి నేను కళ్ళారా చూశాను, అందుకని వివరంగా రాయిస్తున్నాను. పొద్దున గేమ్యా అటునుంచి ఒంగి ఎర్ర స్విచ్చి వేశాడు. "సూసినవా అమ్మా, వేసిన" అన్నాడు. చూశాను. సూర్యాపేటలో బియ్యం దింపాం. తిరుగుదారిలో చలికి స్వెట్టరు వేసుకున్నాను. మే నెలలో స్వెట్టరు వేసుకుని ఊళ్ళోకి వస్తే అందరూ చూశారు, చూడనీ. మధ్యాహ్నం ఇంటి ముందు దిగాను. బండి ఇంజను ఆపం, ఆపితే మళ్ళీ అందుకోవడానికి అది చాలా అలుగుతుంది. గేమ్యా తనవైపు దిగి, చుట్టూ తిరిగివచ్చి, నా కాలి కింద పీట వేస్తాడు. ఆలోపు నేను ఏసీ బందు చేసి, ఫ్యాను బందు చేసి, సంచి భుజాన వేసుకుని సిద్ధంగా ఉంటాను. ఒక్క నిమిషం వృథా పోనివ్వను.

అక్కణ్ణుంచి గేమ్యా సిమెంటు కోసం వాడపల్లి బయల్దేరాడు. సగం దారిలో ఫోను.

"అమ్మా, మరిగింది. స్విచ్చి మల్ల బందైయున్నది."

"బండిల నువ్వొక్కనివే గద. ఎవరు బందు చేసిన్రు, దయ్యమా?"

ఫోను పెట్టేశాడు. గేమ్యా నా ఫోను పెట్టేయడం ఇరవై రెండేళ్ళలో ఇదే మొదలు.

మే 6, మంగళవారం

నిన్నంతా ఆలోచించాను. నేను కూర్చున్నంతసేపు బండి చల్లగా ఉంటుంది. కోదాడదాకా బాగానే ఉంది, నేను దిగాను, మరిగింది. ఇంటిదాకా బాగానే ఉంది, నేను దిగాను, మరిగింది. అంటే నేను దిగాక ఏదో జరుగుతోంది.

రాజమ్మకు ఫోను చేసి చెప్పాను. కోదాడలో ఉండి ఉండి దాని యాస మారింది.

"అక్కా, బావ ముచ్చటపడి కొన్న బండి కదా. నువ్వు దిగిపోతే బెంగ పెట్టుకుంటందేమో."

"ఇనుముకు బెంగేంది?"

"నీ పేరు పెట్టుకోలా? నీ బుద్ధే వచ్చుంటది. నువ్వు మరగవా ఏంటి."

అరుణ నవ్వుతోంది. నవ్విందని కూడా రాయమన్నాను. రాసింది.

నవ్వులాట కాదు. మత్తయ్య తుక్కు కొనే అతనితో మాట్లాడేశాడు. పదిహేనో తారీఖు వచ్చి తీసుకుపోతాడట. నేను తలుపుకు అడ్డంగా కూర్చున్నాను.

"తప్పు బండిదని ఎట్ల తేల్చినవ్? మనిషిది గూడ కావచ్చు గద."

"మనిషిదైతే బండిని ఎందుకు అమ్ముత? మనిషి తప్పని తేల్చు, ఉంచుత."

"తేలుస్త. ఎవరైనా సరే, తప్పు చేసినోళ్ళు కాగితం మీద రాసియ్యాలె. ఏలిముద్ర వేయాలె. సాక్షులుండాలె. ఉట్టి మాట కాదు."

"సరే. రాసిస్తే బండి ఉంటది. లేకుంటే పదిహేను."

ఈ షరతు పెట్టింది నేనే. అరుణా, కింద గీత గియ్యి. తప్పు దామోదర్‌దే అయ్యుంటుంది. అతని వేలు ఎంత లావుందో చూశాను, ముద్ర బాగా పడుతుంది.

మే 8, గురువారం

గేమ్యా పనిలోకి రాలేదు. బండి తాళంచెవి గడప మీద పెట్టి పోయాడు.

మే 9, శుక్రవారం

ఆటో కట్టించుకుని తండాకు పోయాను. గేమ్యా ఇంట్లో మంచం మీద గోడవైపు తిరిగి కూర్చుని ఉన్నాడు. వాళ్ళావిడ రంగి నీళ్ళిచ్చింది.

"ఏందయ్యా, చెవి పెట్టి వచ్చినవట."

"ఇరవై రెండేండ్లు నడిపిన. పెద్దాయన పోయిననాడు గూడ నేనే నడిపిన. ఒక్క స్విచ్చి మరిచిండని దామోదరన్న ముంగట అంటివి."

"మరిచినవని అన్న. దొంగవనలే."

"నాకు రెండూ ఒకటే."

నాకు ఆ మాట గుచ్చుకుంది. ఎక్కడ గుచ్చుకుందో రాయొద్దు. తప్పు నీది కాదు, దామోదర్‌ది, నకిలీ స్విచ్చి వేసిండు, సోమవారం అందరి ముంగట నిరూపిస్త, బండి నడపడానికి నువ్వే కావాలె అని చాలాసేపు చెప్పాను. అతను గోడకే తల ఊపాడు. ఇక లాభం లేదని లేచాను. గుమ్మం దగ్గర అలవాటుగా ఫ్యాను బందు చేసి చెప్పులు వేసుకుంటున్నాను.

"అమ్మా, మనిషి మంచంల కూసునే ఉన్నడు!" అని రంగి అరిచింది.

"కనబడలే. లేచినప్పుడు బందు చేసుడు నాకు అలవాటు."

రంగి ఫ్యానును చూసింది. నన్ను చూసింది. ఉన్నట్టుండి మెల్లగా అడిగింది. "బండి దిగేటప్పుడు గూడ గిట్లనే చేస్తవా అమ్మా?"

"చేయనా మరి? మనిషి లేని కాడ ఫ్యానెందుకు?"

గేమ్యా గోడవైపు నుంచి ఇటు తిరిగాడు. మొగుడూ పెళ్ళాలిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రంగి కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి పోయింది, దగ్గొచ్చిందేమో. గేమ్యా లేచి నిలబడ్డాడు.

"సోమవారం వస్తనమ్మా. దామోదరన్నను గూడ తోలుకొస్త. రంగి గూడ వస్తది."

నా మాటకు ఇంకా ఇంత బలముంది. రాయి.

మే 10, శనివారం

తుక్కు మనిషి ముందుగానే వచ్చి బండి చుట్టూ తిరిగిపోయాడు. చాక్‌పీసుతో తలుపు మీద ఒక గుర్తు పెట్టాడు. అతను సందు మలుపు తిరగకముందే తడిగుడ్డతో తుడిచేశాను. అక్కడ దుమ్ము పోయి పాత రంగు మెరిసింది.

మే 12, సోమవారం

ఏమీ రాయించను.

మే 13, మంగళవారం

రాయించమని అరుణే పుస్తకం పట్టుకుని వచ్చింది. ఇన్నాళ్ళూ బతిమాలించుకున్న మనిషి.

నిన్న బండిలో నేను, గేమ్యా, రంగి, దామోదర్. మత్తయ్య, అరుణ మోటారు సైకిలు మీద వెనక. మిర్యాలగూడ నుంచి కోదాడదాకా ఏసీలో చల్లగా పోయాం. దారంతా దామోదర్‌తో ఏమేం అనాలో లోపల అనుకుంటూనే ఉన్నాను. అతను మాత్రం రంగి పెట్టిన మురుకులు తిన్నాడు. నేరస్థుడికి అంత ఆకలి ఎలా వేసిందో.

రాజమ్మ ఇంటి ముందు బండి ఆగింది. ఇంజను నడుస్తూనే ఉంది. అందరూ నాకంటే ముందే గబగబా దిగారు. దామోదర్ ముందుకు పోయి జాలీ తీసి పక్కన పెట్టాడు. మిగతావాళ్ళు అతని చుట్టూ చేరి వంగి చూస్తున్నారు. రాజమ్మ చేతిలో గరిటెతో సహా వచ్చి నిలబడింది. గేమ్యా పీట వేశాడు.

"దిగమ్మా" అన్నాడు, చాలా మెత్తగా.

నేను ఏసీ బందు చేశాను. సందులోకి వేలు పెట్టి ఫ్యాను బందు చేశాను. సంచి భుజాన వేసుకున్నాను.

అప్పుడు వినబడింది. ముందు వైపు గుయ్‌మని ఎప్పుడూ ఉండే చప్పుడు తగ్గి, తగ్గి, ఆగింది. అది ఉందని కూడా నాకు ఇన్నాళ్ళూ తెలియదు. తల ఎత్తితే అద్దం అవతల అయిదు మొహాలు. మత్తయ్య, అరుణ, దామోదర్, రంగి, రాజమ్మ. పక్కన తలుపు దగ్గర గేమ్యా. రాజమ్మ గరిటె నుంచి పప్పు కారుతోంది.

"ఏంది గట్ల సూస్తున్రు? మనిషి లేని కాడ..."

"ఆ ఫ్యాను మనిషికి కాదు అమ్మా" అన్నాడు మత్తయ్య. "ఇంజనుకు."

"చల్లగాలి లోపలికి తోసేది అదే గద."

"లోపల గాలి తోసేది వేరే పెద్దమ్మా" అన్నాడు దామోదర్. "ఇది బండి పానం కాపాడేది. నువ్వు ఏసీ వేసుకున్నంతసేపు అదే తిరుగుతది. నువ్వు దిగేటప్పుడు రెండూ బందు చేసి పోతున్నవ్."

"ఏవిటక్కా, నా ఇంటికొచ్చినా ఇంతే, నేను వంట చేస్తంటే ఫ్యాను కట్టేసి పోతావు" అని రాజమ్మ సమయం చూసి అంది.

నేను దిగలేదు. దిగితే ఒప్పుకున్నట్టు. అద్దం పైకెత్తి, ఏసీ వేసుకుని, స్వెట్టరు తొడుక్కుని కూర్చున్నాను. ముందు ఫ్యాన్లు మళ్ళీ గుయ్‌మన్నాయి. అందరూ రాజమ్మ ఇంట్లో అన్నాలు తిని వచ్చారు. గేమ్యా ఒక్కడే తినకుండా పీట దగ్గర నిలబడ్డాడు. కాసేపయ్యాక అద్దం కొంచెం దించాను.

"తిన్నవా?"

"నువ్వు దిగినంక తింట."

"నువ్వు మరువలే" అన్నాను.

"ఎరుకే అమ్మా. నువ్వంటే వినాలని నిలబడ్డ."

మే 14, బుధవారం

పొద్దున దామోదర్ వచ్చి రేడియేటరు పైపుకు ఒక ఇత్తడి బిళ్ళ బిగించాడు. వేడి పెరిగితే అదే ఫ్యాన్లు వేస్తుందట, చల్లారితే అదే బందు చేస్తుందట. నాలాగే బుద్ధి ఉన్న బిళ్ళ. ఇది మొదలే ఎందుకు పెట్టలేదంటే, ఇంత పాత బండికి సరిపడేది ఇన్నాళ్ళకు దొరికిందన్నాడు. సగం తప్పు అతనిదని ఇక్కడ రాయి.

మత్తయ్య నా కాగితం కోసం అడిగాడు. మొదట ఇలా చెప్పాను: "అలవాటు చేసింది, నేను కాదు." ఒప్పుకోలేదు. "ఫ్యాను బందైంది, ఎలాగో" అని చెప్పాను. ఒప్పుకోలేదు. రేపు పదిహేను. అరుణా, పుస్తకం మూసెయ్యి.

మే 15, గురువారం

తుక్కు మనిషి వచ్చి వాకిట్లో టీ తాగుతున్నాడు. ఈ ఒక్క పేజీ మాత్రం గట్టిగా చదవమని అరుణకు అనుమతి ఇస్తున్నాను. వెనక పేజీలు తిప్పితే చెయ్యి విరుగుతుంది.

నేను, సత్తెమ్మను, వయసు డెబ్బై మూడు, చెప్పి రాయించేదేమంటే: ఏప్రిల్ ఇరవై ఎనిమిదిన కోదాడలో, మే అయిదున మిర్యాలగూడలో, లారీ దిగేటప్పుడు ఎర్ర స్విచ్చి బందు చేసింది నేనే. బండి తప్పు లేదు. గేమ్యా మరిచిపోలేదు. మరిచాడని ఒకసారి అన్నాను, దయ్యమా అని ఒకసారి అడిగాను. రెండూ వెనక్కి తీసుకుంటున్నాను. ఫ్యాను ఎవరి కోసం తిరుగుతోందో అడగకుండా బందు చేశాను. ఇళ్ళల్లో మాత్రం బందు చేస్తూనే ఉంటాను, దాని గురించి ఎవరూ కాగితం అడగొద్దు.

తుక్కు మనిషి గ్లాసు పెట్టేసి పోయాడు.

ఎర్ర స్విచ్చి అక్కడే ఉంది. దానికి ఇప్పుడు తీగలు లేవు. దామోదర్ కోసేసి, నాకు చెప్పకుండా, దాన్ని మాత్రం ఊడదీయకుండా వదిలాడు. నాకు తెలియదనుకుంటున్నారు అందరూ. ఈ పొద్దున ఇంజను వేడెక్కాక దాన్ని బందు చేసి చెవిపెట్టి విన్నాను. ముందు చప్పుడు ఆగలేదు. ఎవరితో అనలేదు. దిగేటప్పుడు చేతికి ఏదో ఒకటి ఉండాలి కదా. ఈ నాలుగు మాటలూ పెదవి కదపకుండా చదువుకో, అరుణా.

ముద్రకు ఎడమచేతి బొటనవేలు కావాలన్నారు. నేను కుడిది ఇచ్చాను. ఆ స్విచ్చిని నొక్కింది అదే.

సత్తెమ్మ కుడిచేతి బొటనవేలి ముద్ర.

సాక్షులు:
గేమ్యా, డ్రైవరు, పీట వేసినవాడు.
రంగి, కనిపెట్టినది.
దామోదర్, సగం తప్పు.
అరుణ, రాసినది, నవ్వినది.